టిక్కెట్టు వెనక

పంటు ఎక్కినప్పుడు నా చేతిలో ఉన్నది ఎక్స్‌రే ఒక్కటే.
ఎండకేసి పట్టుకుంటే మా ఆయన వెన్ను కనిపిస్తుంది,
ఒక్క చోట విరిగి వేలాడే కొబ్బరాకు ఈనెలా.

దింపుకి ఎక్కాడు. అది నలభై మూడో చెట్టు.
నలభై రెండింటికి కూలి ఇచ్చారు.

సచివాలయంలో అడిగితే సదరం కాగితం తెమ్మన్నారు.
సదరం కావాలంటే స్లాటు కావాలన్నారు.
స్లాటుకి ఆధార్‌లో ఉన్న ఫోను మోగాలన్నారు.
ఆ ఫోను ఆ రోజు ఆయన జేబులోనే ఉంది.
ఆయనతో పాటే పడింది.

టిక్కెట్లు చించే యేసుపాదం గారు
నా మొహం చూడలేదు, ఎక్స్‌రే చూశారు.
"అమలాపురమా? మంగళవారం ఎల్లకండమ్మా,
ఎముకల డాక్టరు ఉండడు" అన్నారు.
నా టిక్కెట్టు తిరగేసి,
ఇంజను అదురుకి వణికే అక్షరాలతో రాశారు:

మీసేవ, జరీనా. కరెంటు పోకముందే వెళ్ళాలి.
ఆశా, మంగతాయారు. తిట్టుద్ది. పడాలి.
ఆరో నెంబరు గది. బంట్రోతుకి ఏమీ ఇవ్వక్కర్లేదు.

ఆ కింద గీత గీసి, గీత కింద:
రెల్లులంక సత్తిరాజు. ఇది ఆఫీసు కాదు.

జరీనా కొత్త నెంబరు కలిపింది,
యాభై తీసుకుని ఇరవై తిరిగిచ్చింది.
మంగతాయారు తిట్టింది,
"ఆరు వారాలు ఏ గోదాట్లో ఉన్నావే?" అని.
తిడుతూనే స్లాటు కోసం
మూడు పొద్దులు ఫోను చెవికి ఆనించుకుని కూర్చుంది.

ఆరో నెంబరు గదిలో ఆయన అరికాలు సూదితో గుచ్చి
"తెలుస్తోందా?" అన్నారు.
ఆయన నా వైపు చూశాడు,
జవాబు నా దగ్గరున్నట్టు.
ఎనభై శాతం అని రాసి స్టాంపు కొట్టారు.
మిగతా ఇరవై ఎక్కడుందో వాళ్ళు అడగలేదు. నాకు తెలుసు.
చేతుల్లో ఉంది.
రాత్రి నిద్రలో లేని తాడు పట్టుకుని
ఆ చేతులు ఇంకా పైకి పాకుతుంటాయి.

గీత కింద మనిషి దగ్గరికి మేం వెళ్ళలేకపోయాం.
ఆయనే వచ్చాడు.
మూడు చక్రాల బండితో సహా యేసుపాదం గారు దాటించారు,
టిక్కెట్టు చించలేదు.
పదకొండేళ్ళ కింద తాటిచెట్టు మీంచి పడ్డవాడు సత్తిరాజు.
అయ్యో అనలేదు. మంచినీళ్ళు వద్దన్నాడు.
మా ఆయన్ని పక్కకి తిప్పించి వీపు చూశాడు.
"పుండు మొదలెట్టింది. రెండు గంటలకోసారి తిప్పాలమ్మా."
గడియారం లేదన్నాను.
"గుళ్ళో మైకు, మసీదులో మైకు, చర్చిలో గంట,
ఏది ఇనపడితే దానికి తిప్పు."
తర్వాత ఇద్దరూ చాలాసేపు
చెట్ల గురించే మాట్లాడుకున్నారు,
ఏ తోటలో ఏ చెట్టు మెడ వంకరో.
ఆరు వారాల్లో ఆయన గొంతు
ఇంటి బయటికి వినిపించడం అదే మొదలు.

పింఛను నాలుగో నెల వచ్చింది.
వేలిముద్ర వేయించుకున్న పిల్ల
"నవ్వండి, ఫోటో" అంది.
ఆయన నవ్వాడు. ఎందుకో నాకు కోపం వచ్చింది.

ఆ టిక్కెట్టు పసుపు డబ్బాలో దాచాను,
అక్షరాల మీదకి పసుపు పాకింది.

నిన్న రేవు నుంచి గట్టెంట వస్తుంటే
అదే తోటలో మళ్ళీ దింపు.
మొవ్వు దగ్గర ఎవరో కుర్రాడు, నడుముకి కత్తి.
కింద నిలబడి అరిచాను:
"బాబూ, నీకు ఇన్సూరెన్సు రాయించారా?"
పైనుంచి నవ్వు రాలింది,
దాని వెనకే గెల.
"తప్పుకో పిన్నీ!"

తప్పుకున్నాను. వెళ్ళిపోలేదు.
వాడు దిగేదాకా ఆ మొదట్లోనే నిలబడ్డాను,
ఆ పూట పంటు టిక్కెట్టు తిరగేసి పట్టుకుని,
పెన్ను ఎవరినడగాలా అని చూస్తూ.